పేరు చెప్పని రాజు

మా ఆయన జీవరాజుకి తర్జుమా అంటే పిచ్చి. దొర ఇంగ్లీషులో ఒక మాట చెప్పి ఆపగానే, పక్కన ఒకరు నిలబడి దాన్ని తెలుగులో చెప్పడం మా కూడికల్లో ఉన్న పద్ధతే. చాలామంది పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసి కూర్చుంటారు. మా ఆయన అలా కాదు. దొర గొంతు పెంచితే తనూ పెంచుతాడు. దొర బల్ల గుద్దితే తనూ గుద్దుతాడు. దొర కళ్లజోడు తీసి తుడుచుకుంటే, తనకి కళ్లజోడు లేకపోయినా జేబురుమాలు తీస్తాడు. బహ్రెయిన్‌లో తెలుగు క్రైస్తవులు ఎక్కడ కూడుకున్నా ముందు జీవరాజుకి కబురు వెళ్లేది. నేను లోపల మురిసిపోతూ పైకి మాత్రం దెప్పుతూ ఉండేదాన్ని.

1998 డిసెంబరులో అమెరికావాళ్లు ఇరాక్ మీద బాంబులు వేస్తున్న వారం అది. ఓడలు మా పక్క సముద్రంలోనే ఉన్నాయి. నేను సీఫ్ దగ్గర ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. ఆ ఇంటి మేడమ్ కిటికీ అద్దాలకి అడ్డంగా టేపు అంటించమంది. ఎందుకమ్మా అంటే, పగిలితే మీద పడకుండా అంది. ఆ మాటతో నాకు అన్నం సహించడం మానేసింది. దానికి తోడు నాలుగేళ్లుగా ఈ దేశం లోపల కూడా ఇక్కడ ఏలే అమీరు మీద గొడవలే. బుదైయా రోడ్డు మీద టైర్లు తగలబడేవి. గోడల మీద రాతలు కనబడేవి, మర్నాటికి వాటి మీద నల్లరంగు పూసి ఉండేది. కర్జకాన్ ఊళ్లో పోలీసులు ఎవరినో తీసుకెళ్లారట అనుకునేవారు. ఎవరిని, ఎందుకు అని ఎవరూ అడిగేవారు కాదు, నోరు మంచిదైతే ఊరు మంచిదని మేమూ నోరు కట్టుకుని తిరిగేవాళ్లం.

నా అసలు భయం మాత్రం బాంబుల గురించి కాదు. మా ఆయన వీసా అబూ జాసిం అనే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి తెచ్చి ఓడల యార్డులో పనికి పెట్టిన యజమాని దగ్గర, నా వీసా నేను పనిచేసే ఇంటివాళ్ల దగ్గర. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఇక్కడ, నేను రాజోలు పక్కన పల్లెలో. ఎన్నో తంటాలు పడి ఇంటిపని వీసా మీద నేనూ వచ్చి, వారానికి ఒక్క శుక్రవారమైనా ఆయన మొహం చూసుకుంటున్నాను. అబూ జాసింకి కోపం వచ్చి ఖలాస్ అన్నాడంటే ఆయన్ని విమానం ఎక్కించేస్తారు. నా కాంట్రాక్టు తీరేదాకా నేను ఇక్కడే ఒంటరిగా పడి ఉండాలి. మళ్లీ ఆ బతుకు నావల్ల కాదు.

మా కూడిక జరిగే షెడ్డు కూడా ఆ అబూ జాసిందే. బుదైయాలో ఆయన మొక్కల తోట వెనకాల ఉండేది. పాడుకోండి, ప్రార్థన చేసుకోండి, రాజకీయం మాత్రం మాట్లాడొద్దు అన్నది ఆయన షరతు. ఆయన మనిషి ఖాసిం భాయ్ ప్రతి శుక్రవారం గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కరీంనగర్ మనిషి, తెలుగు మాకంటే బాగా మాట్లాడేవాడు. ఆ శుక్రవారం ఆయన కుర్చీ లోపలికి తెచ్చి వెనక గోడకి ఆనించి వేసుకున్నాడు.

"ఏం అన్నా, లోపల కూర్చున్నారు?" అన్నాను.

"అర్బాబ్ కూసోమన్నడు చెల్లె. లడాయి నడుస్తాంది గదా. మీరేం మాట్లాడుకున్నరో మాపటికి చెప్పాల్నట," అన్నాడు. అర్బాబ్ అంటే యజమాని, అబూ జాసిమే. నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వకపోయేసరికి నేను వెళ్లి మా ఆయన చెవిలో ఆ మాట వేశాను.

ఆ రోజు క్రిస్మస్ వర్తమానం చెప్పడానికి వేన్ అనే అమెరికా దొర వచ్చాడు. మా ఆయన టైంకీపర్‌గా పనిచేసే ఓడల యార్డులో ఆయన ఇంజన్ల ఫోర్‌మన్. మంచివాడు. ఎండలో నడిచి వెళ్లేవాళ్లని కారాపి ఎక్కించుకునే మనిషి. ఆయన కారులో ఎప్పుడూ ఒకటే మోత. వాళ్ల ఊరి రేడియోలో ఒకాయన పూటల తరబడి మాట్లాడతాడట, ఆ మాటలు టేపుల్లోకి ఎక్కించి దొర తమ్ముడు పంపుతాడు. ఆ రేడియో ఆయనకి వాళ్ల ప్రెసిడెంటంటే పడదు, పన్నులంటే పడదు, గవర్నమెంటు జనం ఇళ్లలో తలదూర్చడం పడదు, పేపర్లవాళ్లంటే అసలే పడదు. కుటుంబం, కష్టార్జితం, దేవుడి భయం, ఇచ్చిన మాట, ఇవి పోతే దేశం పోయినట్టే అంటాడు. ఇంగ్లీషు బాగుపడుతుందని మా ఆయన ఆ టేపులు అడిగి తెచ్చుకునేవాడు. పైసా పన్ను కట్టనక్కర్లేని దేశంలో కూర్చుని, "మన కష్టం మీద గవర్నమెంటుకేం హక్కే?" అని నా మీద ఎగిరేవాడు. "ముందు ఆ ఉల్లిపాయలు తరగండి, గవర్నమెంటు సంగతి తర్వాత చూద్దాం," అనేదాన్ని. కానీ ఒట్టేసి అబద్ధం చెప్పినవాడు ఎంత పెద్దవాడైనా తప్పు తప్పే అని ఆ రేడియో ఆయన అంటే నాకూ నచ్చేది. దాన్ని కాదనేదెవరు?

మా సంఘపెద్ద శాంసన్ గారు ప్రార్థన చేసి దొరని పిలిచారు. దొర యేసుబాలుడి గురించి నాలుగు మాటలు చెప్పి ఆగాడు. బల్ల మీద చెయ్యి పెట్టి, ఈ వారం మనసు మనసులో లేదన్నాడు. తరవాత మొదలయింది.

"మా ప్రెసిడెంటు ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడు," అన్నాడు దొర. మా ఆయన తెలుగులో అన్నాడు. "రేపో మాపో మా సభలో ఆయన పదవి మీద ఓటు. సరిగ్గా ఇప్పుడే బాంబులు. ఇది ఊరికే జరిగిందంటారా?" అన్నాడు దొర. మా ఆయన అదీ తెలుగులో అన్నాడు కానీ గొంతు కొంచెం తగ్గింది. వెనక ఖాసిం భాయ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. నేను పనిచేసే ఇంట్లో పొద్దస్తమానం ఇంగ్లీషు టీవీయే కాబట్టి నాకు దొర మాటలు కాస్త కాస్త అందుతున్నాయి. టేపులోని మాటలన్నీ దొర నోటి వెంట వచ్చేస్తున్నాయని తెలిసిపోయింది.

దొర వేలెత్తాడు. "ఏలేవాడు చట్టానికి పైన లేడు. ఏ దేశంలోనైనా అంతే. తప్పు చేస్తే గద్దె దించాల్సిందే!"

ఏ దేశంలోనైనా! ఆ మాట ఈ దేశంలో తెలుగులో చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఆయనకీ తెలుసు. ఆయన నా వైపు చూశాడు, ఖాసిం భాయ్ వైపు చూశాడు. ఆపేస్తే అందరికీ అనుమానం వస్తుంది. చెబితే కొంప మునుగుతుంది.

"పూర్వం ఒక రాజుండేవాడు," అన్నాడు మా ఆయన.

అమ్మయ్య అనుకున్నాను. అది మా సండే స్కూలు పిల్లలు కూడా చెప్పే బైబిలు కథ. గొర్రెలు కాచుకునే వాడు రాజయ్యాడు. మేడ మీద నుంచి పొరుగువాడి పెళ్లాన్ని చూసి ఆశపడ్డాడు. ఆ పొరుగువాణ్ణి యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించాడు. దేవుడు పంపిన ఒక పెద్దాయన వచ్చి నిలబెట్టి కడిగేశాడు. దొర ఆడదాని సంగతి ఎత్తితే మా ఆయన మేడ సంగతి చెప్పాడు. దొర బాంబులంటే ఈయన యుద్ధం అన్నాడు. దొర బల్ల గుద్దితే ఈయనా గుద్ది, "రాజువైతే ఏం? దేవుడు అడగడా? నీ ఇల్లు కూలదా?" అన్నాడు. జనం ఊగిపోయారు. ఆమేన్ అన్నారు, స్తోత్రం అన్నారు. తన ప్రెసిడెంటుని తిడుతుంటే తెలుగువాళ్లు ఇంత సంతోషిస్తున్నారని దొర పొంగిపోయి ఇంకా గట్టిగా అందుకున్నాడు. ఈయన ఇంకా గట్టిగా రాజుని దులిపాడు. అంత భయంలోనూ నాకు నవ్వాగలేదు.

కూడిక అయ్యాక టీ ఇస్తున్నారు. ఖాసిం భాయ్ మా ఆయన మోచెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్లాడు. నేను కప్పు పడేసి వెనకే వెళ్లాను.

"తమ్మీ, ఏ రాజు?" అన్నాడు ఆయన.

"అంటే ఏంటి భాయ్?"

"పరాయి ఆడదాని మీద కన్నేసిన రాజు. ఇల్లు కూలుతదన్నవ్. బల్ల గుద్ది మరీ అన్నవ్. ఏ దేశపు రాజు? ఇక్కడ ఉన్నది అమీరు. అర్బాబ్ అడిగితే నేనేం చెప్పాలె?"

అప్పుడు తెలిసింది నాకు. ఆయన రాజు పేరు చెప్పనే లేదు. మాలో ఆ కథకి పేరెందుకు, మొదటి మాటకే అందరికీ తెలుస్తుంది. ఖాసిం భాయ్‌కి ఎలా తెలుస్తుంది? ఆయనకి వినబడింది ఒక రాజు, ఒక పాపం, ఒక శాపం.

పేరు చెప్పెయ్యండి అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆ రాజు ముస్లింలకి కూడా ప్రవక్త. ప్రవక్త అలాంటి పని చేశాడని మా షెడ్డులో బల్ల గుద్ది చెప్పారంటే, అమీరుని అన్నదానికంటే పెద్ద ముప్పు. ఆ పేరు ఇప్పటికీ రాయబుద్ధి కావడం లేదు, అప్పటి భయం అలా ఉండిపోయింది. పోనీ దొర రాజకీయం మాట్లాడాడు అందామంటే షరతు తప్పినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మాకు పక్కన కూడా గొయ్యే.

అంతలో వేన్ దొర చెయ్యి చాపుకుంటూ మా దగ్గరికే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఖాసిం భాయ్ ఆయన్నే అడిగేశాడు, వచ్చిన ఇంగ్లీషులో. "సార్, మీరు చెప్పిన రాజు ఎవరు?"

"రాజా?" దొర పకపకా నవ్వాడు. "నేను రాజు అనలేదే! మా రాజుని మేం రెండువందల ఏళ్ల కిందటే తరిమేశాం. నేను తిట్టింది మా ప్రెసిడెంటుని. కావాలంటే ఎవరికైనా చెప్పు, నాకేం భయం?"

ఆ మాట నిజమే. ఆయనకేం భయం? సొంత దేశపు పెద్దని నలుగురిలో దులిపేసి, ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకుంటాడు. అలాంటి దేశం కూడా ఉంటుందని ఆ రోజే నమ్మాను. ఆయన మీద కుళ్లుకున్నాను కూడా. దొర కారెక్కి వెళ్లిపోయాడు.

ఖాసిం భాయ్ మా ఆయన్ని చూస్తూ నిలబడ్డాడు. "అంటే రాజు మాట దొరది కాదు. నీదే," అన్నాడు మెల్లగా.

"భాయ్, మిమ్మల్ని చూసే, భయపడి..."

"నేను చెప్పకుంటె ఇంకోడు చెప్తడు. అప్పుడు ముందుగాల పోయేది నేను. ఏం చెయ్యాల్నో నాకే తెలుస్తలేదు తమ్మీ." మమ్మల్ని భయపెట్టాల్సిన మనిషి మాకంటే ఎక్కువ భయపడుతుంటే ఇక మాకు దిక్కెవరు?

సాయంత్రం అబూ జాసిం కబురు పెట్టాడు, జీవరాజు రావాలని. నేనూ వెళ్లాను. వద్దన్నా వినలేదు. పంపేస్తే నా కళ్ల ముందే పంపాలి. అతిథులు కూర్చునే ముందుగదిలో, మజ్లిస్‌లో, కఫీల్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను గుమ్మం దగ్గర నిలబడమన్నారు. ఖాసిం భాయ్ చేతులు కట్టుకుని ఉన్నాడు.

"వీళ్లు ఏం మాట్లాడారు?" అని కఫీల్ హిందీలో అడిగాడు.

"తెలియదు అర్బాబ్," అన్నాడు ఖాసిం భాయ్, అదీ హిందీలోనే. "పాడారు. ఏడ్చారు. వాళ్ల భాష నాకు రాదు."

నేను తలుపు పట్టుకున్నాను.

"నువ్వూ ఇండియావాడివే కదా?"

"ఇండియా పెద్దది అర్బాబ్. నాది ఉర్దూ. వీళ్లది వేరే."

"వాళ్లతో నవ్వుతూ మాట్లాడడం చూశాను."

"నాతో హిందీలో మాట్లాడతారు."

కఫీల్ గడ్డం నిమురుకున్నాడు. కాఫీ తెమ్మని ఖాసిం భాయ్‌ని లోపలికి పంపాడు. ఆయన అటు వెళ్లగానే మా ఆయన వైపు వంగి ఇంగ్లీషులో మాట్లాడాడు. పెద్దగా దాచుకోలేదు కాబట్టి నాకూ వినబడింది. "వీడి కూతురు నిండు నెలలతో ఉంది. సెలవు కూడా అడిగాడు. వాడు కాఫీ పోస్తుండగా నీ భాషలో చెప్పు, ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, నీ కూతురు పురిట్లో చచ్చిపోయింది అని. నేను వాడి చేతులు చూస్తాను. భాష వస్తే తెలిసిపోతుంది."

"సార్, అలాంటి మాట..." అన్నాడు మా ఆయన.

"నన్నూ అడిగేవాళ్లున్నారు," అన్నాడు కఫీల్. "చెప్పు. నీ ప్రార్థనలో చెప్పినట్టు చెప్పు."

ఖాసిం భాయ్ ఇత్తడి కాఫీకూజా పట్టుకుని వచ్చాడు. కఫీల్ ముందు వంగి చిన్న కప్పులోకి పొయ్యడం మొదలుపెట్టాడు. మా ఆయన ఆ మాట తేలిగ్గా అనేద్దామనుకున్నాడు, అబద్ధమని తెలిసేలా. నాకు తెలుసు, ఆ మనిషి గొంతు నాకు తెలియదా? కానీ నోరు తెరిచేసరికి ఏడుపొచ్చేసింది. అది ఇంకా నిజంలా వినబడింది.

"భాయ్... మీ ఇంటి నుంచి ఫోనొచ్చింది. మీ అమ్మాయి పురిట్లో పోయిందట."

కాఫీ ధార తెగలేదు. కప్పు అంచు వరకు నిండింది, చుక్క కింద పడలేదు. ఖాసిం భాయ్ కూజా నిలబెట్టి, మా ఆయన్ని చూపిస్తూ కఫీల్‌ని హిందీలో అడిగాడు. "ఏమంటున్నాడు అర్బాబ్ ఇతను? కాఫీ కావాలా ఇతనికి?"

కఫీల్ చాలాసేపు ఆయన చేతుల్నే చూశాడు. తరవాత తనే తల దించుకుని కాఫీ తాగాడు. "ఏం లేదు. పోనీ. వీళ్లని పాడుకోనీ," అన్నాడు. మా ఆయన ఉద్యోగం నిలిచింది. నాకు మాత్రం సంతోషం రాలేదు, ఎదురుగా ఒక తండ్రి కూతురు చచ్చిందని నమ్ముతూ నిలబడి ఉన్నాడు.

కఫీల్ లేచి, మనామా వెళ్లాలి, యల్లా, పద, కారు తియ్యి అన్నాడు. ఖాసిం భాయ్ ముందు నడిచాడు. కఫీల్ ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కనే ఉన్నాడు. అబద్ధం అని ఎలా చెప్పాలి? తెలుగులో చెబితే ఆయనకి తెలుగు వచ్చని బయటపడుతుంది. హిందీలో చెబితే, ఇందాకటి మాట ఆయనకి అర్థమైందని కఫీల్‌కి తెలిసిపోతుంది. తర్జుమాకి అందని మాట మా ఆయనకి అదొక్కటే అయింది. కారు తలుపు దగ్గర ఖాసిం భాయ్ తాళంచెవి కన్నంలో పెట్టలేక తడుముకుంటున్నాడు. కఫీల్ అవతలి వైపుకి వెళ్తున్నాడు. ఇంకొక్క క్షణం పోతే ఆ చెయ్యి కఫీల్ కంట పడుతుంది.

నేను గుమ్మం ముందే నిలబడి పాట ఎత్తుకున్నాను. మా కూడికల్లో పాడే కీర్తనల వరసలో, కళ్లు మూసుకుని, చేతులు జోడించి. మాటలు మాత్రం నావి.

"నీ బిడ్డ బాగుంది అన్నా, నీ బిడ్డ క్షేమం... నిన్ను పరీక్ష చేసిరి అన్నా, ఆ మాట అబద్ధం..."

వరస తప్పింది. కఫీల్ ఆగి, ఏమిటది అన్నాడు. "ప్రార్థన సార్," అన్నాడు మా ఆయన. "బాంబులంటే భయం తనకి."

"అందరికీ భయమే. దేవుడే దిక్కు," అని కఫీల్ కారెక్కాడు. నేను ఆపకుండా పాడుతూనే ఉన్నాను. ఖాసిం భాయ్ తల తిప్పలేదు. ఆయన విన్నాడో లేదో నాకు ఆ వీపులో ఎక్కడా కనబడలేదు. తాళం తిరిగింది, కారు వెళ్లిపోయింది. నేను అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చాను.

మళ్లీ శుక్రవారం ఆయన కుర్చీ బయటే ఉంది. పక్కన అబూ జాసిం డ్రైవరు ఇంకొకడు కూర్చుని మమ్మల్నే గమనిస్తున్నాడు. ఖాసిం భాయ్ చేతిలో మిఠాయి పెట్టె ఉంది. వచ్చిన వాళ్లందరికీ ఒక్కొక్కటి ఇస్తున్నాడు. నేను ఆగలేక, "అన్నా, అమ్మాయి ఎలా ఉంది?" అనేశాను.

ఆయన నా కళ్లలోకి చూశాడు. ఆయన కళ్లు నిండాయి. మొహం మాత్రం కదల్లేదు.

"నై సమ్‌ఝా, బహెన్," అన్నాడు. నాకు అర్థం కాలేదమ్మా అని.

తరవాత మా ఆయనతో హిందీలో చెప్పాడు, మనవరాలు పుట్టింది, తల్లీబిడ్డా క్షేమమని. మా ఆయన నా వైపు తిరిగి దాన్ని తెలుగులో చెప్పాడు. ఖాసిం భాయ్ పక్కనే నిలబడి, ఆ తెలుగు ఒక్క ముక్క రానివాడిలా వింటూ ఉండిపోయాడు. మేం ఆ దేశంలో ఉన్నన్నాళ్లూ ఆయన మాతో మళ్లీ తెలుగు మాట్లాడలేదు.